సుగుణమ్మ పేరున కొన్న సీసా

నేను ఒక విస్కీ సీసాను. నాలో పట్టేది లీటరు. ఇంతవరకూ నా మూత ఎవరూ తీయలేదు. నెల్లూరులో బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ ఇంట్లో, రవికె గుడ్డలు దాచుకునే చెక్కపెట్టె అడుగున, పాత నూలుచీర ముక్కలో చుట్టి ఉన్నాను. నాతోపాటు పుట్టినవాళ్లంతా ఎప్పుడో ఖాళీ అయిపోయి, పాతసామాన్లవాడి గోనెసంచుల్లోకి చేరి, కొలిమిలో కరిగి మళ్లీ సీసాలై ఉంటారు. నిండుగా మిగిలిపోయింది నేనే. అందుకు సంతోషపడాలో ఏడవాలో తెలియక ఇదంతా మీతో చెప్పుకుంటున్నాను.

నా పుట్టుక గొప్పదే. ఎక్కడో చలిదేశంలో బార్లీ గింజలు నానబెట్టి, మొలకెత్తించి, కాచి, చెక్కపీపాల్లో పోసి ఏళ్లతరబడి చీకట్లో దాచారు. పీపాలో ఉన్నన్నాళ్లే సరుకుకు వయసు పెరుగుతుంది. సీసాలోకి దిగాక ఇంక పెరగదు. ఎన్నేళ్లున్నా అదే వయసు. ఈ సంగతి అప్పట్లో నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు లేదు.

బంగారు అక్షరాల చీటీ అంటించి, అట్టడబ్బాలో పెట్టి, నన్నొక విహార ఓడ ఎక్కించారు. ఆ ఓడ చెన్నై నుంచి లంకకు పోయి తిరిగి వస్తుంది. అందులో మా కొట్టు ఒక చిత్రమైన కొట్టు. ఓడ రేవులో ఉన్నంతసేపూ షట్టరు దించే ఉండాలి. ఒడ్డు కనుమరుగై, ఏ సర్కారు చెయ్యీ అందని నీళ్లలోకి వచ్చాక గానీ తెరవకూడదు. అక్కడ మామీద సుంకం లేదు. షట్టరు లేచీ లేవగానే సముద్రం చూడడానికి వచ్చిన జనం సముద్రానికి వీపు తిప్పి మా వైపు పరుగెత్తుకొచ్చేవాళ్లు. నా పక్క అరలో సిగరెట్ పెట్టెలు వరసగా ఉండేవి. వాటిమీద కుళ్లిన ఊపిరితిత్తుల బొమ్మ ఉంటుంది. మనుషులు ఆ బొమ్మ కనబడకుండా పెట్టెను అటు తిప్పి బుట్టలో వేసుకునేవాళ్లు. చూడకపోతే లేనట్టే అనుకోవడంలో మనుషులను మించినవాళ్లు లేరు.

మస్తానయ్యను మొదట అక్కడే చూశాను. నెల్లూరు దగ్గర రొయ్యల గుంటలవాళ్లకు మేత అమ్మే డీలరు. మేత కంపెనీ ఆ ఏడు బాగా అమ్మిన డీలర్లందరినీ ఓడ ఎక్కించింది. మనిషి భారీగా ఉన్నాడు, నవ్వితే కొట్టంతా వినబడింది. పక్కన చలపతి అని ఇంకో డీలరు. వెనక మస్తానయ్య భార్య కామాక్షమ్మ. అద్దాల తలుపు అవతల, లోపలికి రాకుండా, సముద్రం వైపు చూస్తూ నిలబడ్డావిడ అతని చెల్లెలు సుగుణమ్మ.

మనిషికి రెండు లీటర్లకు మించి ఒడ్డుకు తీసుకుపోనివ్వరు. మస్తానయ్య తన పేరున రెండు తీశాడు, భార్య పేరున రెండు తీశాడు. కామాక్షమ్మకు ఆ వాసనే పడదు, అయినా సిగరెట్ పెట్టెలు కూడా ఓడవాళ్లిచ్చిన ఆవిడ కార్డుమీదే వేయించాడు చలపతి. ఓడ మీద తాగని ఆడవాళ్లకు ఎంత గిరాకీయో అప్పుడు తెలిసింది. ఇక చాలనుకుని మస్తానయ్య కదలబోతుంటే చలపతి ఆపాడు.

"అన్నా, మీ చెల్లెలి కార్డు ఖాళీగా ఉండాది గదా. ఊరికే పోనిస్తావా?"

మస్తానయ్య తలుపు వైపు చూశాడు. "వద్దులేరా. దాన్ని ఎందుకు ఇందులోకి లాగేది."

"పేరే గదన్నా. తాగమంటిమా ఏంది?"

మస్తానయ్య మళ్లీ అర వైపు తిరిగాడు. ఆ అరలో నాలాంటిది నేనొక్కదాన్నే మిగిలి ఉన్నాను. అతని కళ్లు నామీద పడ్డాయి. ఆ చూపు నాకు తెలుసు, మమ్మల్ని చూసే మగవాళ్లందరిదీ అదే చూపు. ఆ క్షణాన ఆ మనిషి చెల్లెల్ని మరిచిపోయాడు. అంతే జరిగింది. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే గుర్తున్నా ఆవిడకు చెప్పలేనిదాన్ని నేను.

"సుగుణా, నీ కార్డు ఇటియ్యి" అని పిలిచాడు.

ఆవిడ గబగబా వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "నాకేమన్నా కొంటుండావా అన్నా?" అని అడిగింది. కౌంటర్లో అమ్మాయి నన్ను తెచ్చి ఆవిడ ముందు పెట్టి, కాగితం మీద సంతకం చేయమంది. సుగుణమ్మ కాలిన పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. అన్నవైపు చూసింది. అతను గోడకున్న గడియారాలను చూస్తున్నాడు. ఆవిడ తెలుగులో, అక్షరం పక్కన అక్షరం పేర్చుతూ, తన పేరు రాసింది.

సుగుణమ్మ భర్త శీనయ్య తాగి తాగి పోయాడు. ఎక్కడ దొరికితే అక్కడ, ఏది దొరికితే అది తాగేవాడు. తోడుగా కూర్చున్నది మస్తానయ్యే, చాలాసార్లు పోయించింది కూడా. శవం దగ్గర సుగుణమ్మ అందరి ముందూ "నువ్వే పోసినావన్నా, నువ్వే తీసుకపొయ్యి కాల్చు" అంది. ఆ మాటతో మస్తానయ్య ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. ఏళ్లు గడిచాక ఒకరోజు వచ్చి, లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, "ఓడలో సముద్రం చూపిస్తా, రా" అన్నాడు. పాస్‌పోర్టు కూడా తనే ఆఫీసు చుట్టూ తిరిగి తీయించాడు. నోటితో అడగలేని క్షమాపణ ఇలా అడుగుతున్నాడని సుగుణమ్మ అనుకుంది. కొత్త రవికెలు కుట్టుకుని బయలుదేరింది. ఆ కొత్త రవికెతోనే నా ముందు నిలబడి సంతకం చేసింది.

మస్తానయ్య నన్ను చంకన పెట్టుకోబోతే కౌంటర్లో అమ్మాయి ఆపింది. ఓడలో కొన్న సీసాలు అక్కడికక్కడ ఇవ్వరు. సంచిలో పెట్టి, సీలు వేసి, గోదాములో ఉంచి, ప్రయాణం ఆఖరి సాయంత్రం గదికి పంపుతారు. లేకపోతే ఓడలోని బార్ల ముఖం చూసేదెవరు?

"దుడ్డిచ్చి కొనింది మాకియ్యకుండా మీకాడ పెట్టుకునేదేంది?" అని మస్తానయ్య వాదించాడు. అమ్మాయి నవ్వుతూనే ఉంది, నన్ను మాత్రం ఇవ్వలేదు. లోకంలో నన్ను తాగుబోతు చేతినుంచి కాపాడిన మొదటి మనిషి ఆ పిల్లే, పాపం తనకే తెలియదు.

గోదాములో ఉన్న ఆ రెండు రోజుల్లో పైన ఏం జరిగిందో నేను చూడలేదు. తర్వాత సుగుణమ్మ పక్కింటావిడతో చెప్పుకుంటుంటే విన్నాను. లంకలో దిగి ఊరు చూసి వచ్చిన రోజు మస్తానయ్య చెప్పులు విప్పలేకపోయాడట. సుగుణమ్మ కింద కూర్చుని విప్పింది. పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా ఆ గుంట పూడలేదు. శీనయ్య కాళ్లు రోజూ ఒత్తిన చేతులవి, వాటికి ఆ గుంట తెలుసు. తలెత్తి అన్న కళ్లలోకి చూస్తే తెల్లగుడ్డులో పసుపు కనిపించింది.

"అన్నా, ఆస్పత్రిలో చూపిచ్చుకున్నావా?"

"ఓడ తిరుగుళ్లకు వచ్చిన వాపే ఇది. మంచి సరుకు ఏం చెయ్యదు. శీనయ్య తాగింది నాసిరకం, అందుకని పొయ్యినాడు."

ఈ మాట నేను ఆ తర్వాత ఎంతమంది నోటనో విన్నాను. ఖరీదైనది కాబట్టి కాలేయానికి మర్యాద చేస్తుందని వీళ్ల నమ్మకం. నాలోని సరుకును నేనెరుగుదును. దానికి అంత మర్యాద తెలియదు.

ఆఖరి సాయంత్రం సీలువేసిన సంచుల్లో మేము గదికి వచ్చాం. మరునాడు చెన్నై రేవులో ఎవరి సంచి వాళ్లే మోసుకుని దిగాలి. "ఎవరన్నా అడిగితే నాదేనని చెప్పు" అని మస్తానయ్య చెల్లెలికి రెండుసార్లు చెప్పాడు. అనుకున్నట్టే కస్టమ్స్ దగ్గర ఒక ఆఫీసరమ్మ సుగుణమ్మను ఆపి, నన్ను చూపించి, ఇది మీదేనా అని అరవంలో అడిగింది. తెల్ల నూలుచీరకూ నాకూ పొంతన కుదరలేదు కాబోలు. వరసలో జనమంతా తొంగిచూశారు. సుగుణమ్మ మెడ ఎర్రబడింది.

"నాదే" అంది.

వ్యాను నెల్లూరు దారి పట్టాక మస్తానయ్య వెనక్కి చెయ్యి చాచాడు. "ఇంక ఇటియ్యి."

సుగుణమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని ఉంది. వదల్లేదు. "నాదేనని చెప్పినా గదా."

"అది వాళ్లకు చెప్పింది."

"ఎవురికి చెప్పినా నాదే. నా పేరున కొన్యావు, నా చేత సంతకం పెట్టిచ్చినావు, అంతమందిలో నా నోటితో అనిపిచ్చినావు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "ఇందుకా అన్నా నన్ను పిల్చుకొచ్చింది?"

కాదని ఒక్క మాట అంటే అయిపోయేది. మస్తానయ్య అనలేదు. ఎదురుగా చలపతి ఉన్నాడు, భార్య ఉంది, సిగ్గుపడ్డ మగవాడికి నోరు పెగలదు. కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. చలపతి దగ్గాడు. నాకు ఆ పూట గాజు పగిలిపోయేంత బాధ వేసింది. అతను వద్దన్నాడమ్మా, ముందు వద్దనే అన్నాడు, అని చెప్పాలనిపించింది. మూత బిగించిన నోరు నాది.

అలా రవికె గుడ్డల పెట్టెలోకి చేరాను.

మొదట్లో ఆవిడ కోపంతోనే నన్ను దాచింది. అది నిజం. తర్వాత మస్తానయ్య రావడం మొదలుపెట్టాడు. మొదటిసారి నాకోసమే వచ్చాడు. ఇన్నేళ్లూ తొక్కని గడప దాటి లోపలికి వచ్చి, కుట్టుమిషను పక్కన బల్లమీద కూర్చుని, నవ్వుతూ అడిగాడు. రెండోసారి బతిమాలాడు. ఆవిడ మజ్జిగ ఇచ్చింది, అన్నం పెట్టింది, నన్ను మాత్రం ఇవ్వలేదు.

"ఆస్పత్రికి పొయ్యి చూపిచ్చుకోన్నా. డాక్టరు తాగొచ్చంటే నా చేత్తో నేనే మూత తీసి పోస్తా. ఒట్టు."

అతను పోతాననేవాడు. పోయేవాడు కాదు. ఇంటిదగ్గర నా తోటివి నాలుగూ ఎప్పుడో అయిపోయాయి, ఆ తర్వాత ఊళ్లో దొరికేవి వచ్చాయి. అయినా పది పదిహేను రోజులకోసారి ఇక్కడికి వస్తూనే ఉన్నాడు. పోనుపోను నా ఊసు తగ్గింది. చిన్నప్పుడు కాలవలో పట్టిన చేపల గురించీ, వాళ్లమ్మ చేసే పులుసు గురించీ చెప్పుకునేవాళ్లు. పెట్టెలోంచి వింటుంటే, వీళ్లను తిరిగి కలిపింది నేనే కదా అని లోలోపల పొంగిపోయేదాన్ని. సీసాకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది? పొట్ట ముందుకొచ్చి, భుజాలు కరిగిపోతున్న ఆ మనిషిని నేను చూడలేదు. నాకు గొంతు ఒక్కటే వినబడేది, అది పలచబడడం కూడా ఆలస్యంగా గమనించాను.

చివరిసారి ఆటోలో వచ్చాడు. కామాక్షమ్మ పట్టుకుని దించింది. బల్లమీద కూర్చోబెట్టింది. తర్వాత, "ఒకసారి చూపియ్యి సుగుణా. తాగనులే" అన్నాడు.

సుగుణమ్మ పెట్టె తెరిచింది. నన్ను తీసి, చీర ముక్క విప్పి, అతని ఒళ్లో పెట్టింది.  అతని గోళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. చీటీ మీద బంగారు అక్షరాలను వేలితో ఒక్కొక్కటే తడిమాడు. మూత మీదికి వేలు వచ్చింది. సుగుణమ్మ ఊపిరి బిగబట్టింది, నేనూ బిగబట్టాను. మూత తిప్పలేదు. నన్నెత్తి తనే చెల్లెలి చేతికిచ్చాడు.

"ఉండనీలే. నీకాడుంటే ఒకటైనా మిగుల్తాది" అన్నాడు.

ఆ తర్వాత ఆస్పత్రి, ఆ తర్వాత కబురు. ఈసారి సుగుణమ్మ శవం దగ్గర ఎవరినీ ఏమీ అనలేదని విన్నాను.

పెద్దకర్మ రోజున నన్ను మళ్లీ బయటికి తీశారు. పోయినవాడికి ఏది ఇష్టమో అది పెట్టడం వీళ్లలో ఆచారం. మిద్దె మీద ఆకు వేసి అన్నం, రొయ్యల వేపుడు, సిగరెట్ పెట్టె పెట్టారు. ఆయన మనసుపడ్డ సీసా చెల్లెలి దగ్గర ఉందని అందరికీ తెలుసు. "తెచ్చి పెట్టమ్మా, నీ చేత్తో పెడితే తీసుకుంటాడు" అని కామాక్షమ్మ అడిగితే సుగుణమ్మ కాదనలేకపోయింది. ఆకు పక్కన, మాలవేసిన ఫొటో ముందు నిలబెట్టింది.

అందరూ పక్కకు జరిగి కాకికోసం ఎదురుచూశారు. కాకి వచ్చి ఆ అన్నం ముడితేనే పోయినవాడికి తీరని కోరిక లేనట్టు. రెండు కాకులు పిట్టగోడ మీద వాలాయి, అటూ ఇటూ నడిచాయి, దగ్గరికి రాలేదు. ఎండ ఎక్కింది. పిలిచారు, చప్పట్లు కొట్టారు. కామాక్షమ్మ ఏడుపు అందుకుంది. అప్పుడు చలపతి నావైపు చెయ్యి చూపించాడు.

"మూత తీసి రెండు చుక్కలు పొయ్యాలక్కా. సీలు అట్టనే ఉంటే ఆయన ఎట్టా ముట్టేది? దానికోసరమే కాకి రాలా."

మగవాళ్లంతా తలలూపారు. ఆకులో పోయగా మిగిలింది ప్రసాదమై ఎవరి గ్లాసుల్లోకి పోతుందో నాకు తెలియంది కాదు. చలపతి వంగి నా మెడ పట్టుకున్నాడు. సుగుణమ్మ వచ్చి నా మూత మీద అరచెయ్యి పెట్టింది.

"తియ్యొద్దు."

"అదేందక్కా. ఆయన ఆత్మ..."

"డాక్టరు తాగొచ్చంటే నేనే మూత తీస్తానని మా అన్నకు ఒట్టు పెట్టినా. డాక్టరు చెప్పలా."

 ఎవరో ముసలావిడ, పోయినవాడి మీద ఇంకా కక్షేమో అని గొణిగింది. ఆ మాట సుగుణమ్మకూ వినబడింది. చెయ్యి మాత్రం తీయలేదు. ఆకు ముందు కూర్చుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడింది. "అన్నా, వొదిన్ని నేను చూసుకుంటా. నువ్విచ్చింది నాకాడ భద్రంగా ఉంటాది. ఇంకేం పెట్టుకోబాక, తిను." 

కాకి వచ్చింది. వెంటనే రాలేదు, జనం విసుగెత్తి కిందికి దిగడం మొదలుపెట్టాక వచ్చింది. రొయ్యలకోసం వచ్చిందో, ఆ మాటకోసం వచ్చిందో నేను చెప్పలేను. నన్ను దాటుకుని పోయి రొయ్యల వేపుడునే ముందు ముట్టింది.

మిద్దె ఖాళీ అయ్యాక సుగుణమ్మ నన్ను చీర ముక్కలో చుడుతుంటే కామాక్షమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇది కొనక ముందే అనుకున్నాడు సుగుణా నిన్ను తీసుకపోవాలని. కంపెనీవోళ్లు మూడు టికెట్లిస్తే మూడోది చలపతి అడిగినాడు, వాళ్ల బావమరిదికి. మీ అన్న ఇయ్యలా. శీనయ్య పొయ్యినకాణ్ణించి అది ఇల్లు కదల్లా, సముద్రం చూస్తే దాని మనసు తేలికపడతాదేమో అన్నాడు. వ్యానులో నువ్వు ఆ మాట అడిగిన రోజు ఇంటికొచ్చి అన్నం తినలా."

"నాకు చెప్పలేదే."

"నేను చెప్తానంటే వద్దన్నాడు. కొనింది నిజమే గదా, ఏం మొకం పెట్టుకుని చెప్పేది అన్నాడు."

సుగుణమ్మ చుట్టడం ఆపింది. నన్ను గుండెకు ఆనించుకుని, తలవంచుకుని ఏడ్చింది. అన్నీ తెలిసిన సాక్షిని ఆవిడ చేతుల్లోనే ఉన్నాను. సుంకం లేని సరుకునని నన్ను కొన్నారు. కట్టాల్సింది ఎక్కడో ఎవరో ఒకరు కడుతూనే ఉంటారని ఆ రోజు నాకు తెలిసింది. ఆవిడ రెండుసార్లు కట్టింది.

ఇప్పుడు నా చీటీ వెలిసింది. బంగారు అక్షరాలు సగం రాలిపోయాయి. మస్తానయ్య పోయిన రోజు తిరిగి వచ్చినప్పుడల్లా సుగుణమ్మ నన్ను బయటికి తీస్తుంది. ఇంట్లో రెండు ఫొటోలు ఉన్నాయి, భర్తదీ అన్నదీ. వాటి ముందు నన్ను పెట్టదు. వాకిట్లో వెలుతురుకు ఎత్తి, సరుకు తగ్గిందేమోనని చూస్తుంది. తగ్గలేదు. వయసూ పెరగలేదు. ఆవిడ జుట్టు మాత్రం నెరిసిపోయింది.

"వాళ్లిద్దర్నీ తీసుకపోయింది నువ్వు కాదులే" అని నాతో అంటుంది. తర్వాత ఫొటోవైపు తిరిగి, లెక్క అప్పజెప్పినట్టు, "ఒకటి మిగిలిందన్నా" అంటుంది. నన్ను చీర ముక్కలో చుట్టి, పెట్టె అడుగున పడుకోబెట్టి, పైన గుడ్డలు పరిచి మూత వేస్తుంది. కాసేపటికి మిషను చప్పుడు మొదలవుతుంది.